మీరు కూర్చోండి సార్, మేం చూసుకుంటాం

మన ఆఫీసుల్లో దయకు కొరత లేదు. నమ్మకపోతే చూపులేని ఉద్యోగి ఎవరైనా కొత్తగా డ్యూటీలో చేరిన రోజున వెళ్లి చూడండి. సూపరింటెండెంటుగారు స్వయంగా లేచి ఎదురొస్తారు. అటెండరు అడక్కుండానే జబ్బ పట్టుకుని, దొంగను స్టేషనుకు తీసుకెళ్లినంత గట్టిగా, ఫ్యాను కింద కుర్చీ దాకా నడిపిస్తాడు. టీ వస్తుంది. టీ వెనకాలే ఆ ఆఫీసు ఆయనకు ఇవ్వదలచుకున్న ఏకైక బాధ్యత కూడా వస్తుంది: "మీరు కూర్చోండి సార్, మేం చూసుకుంటాం."

మొదటి రోజు ఆ మాట మర్యాద. ఆరో నెలకల్లా అదే జాబ్ చార్టు. పదో ఏట ప్రమోషన్ ఫైలు కదిలినప్పుడు అదే మాట నోట్‌ఫైల్లోకి ఎక్కుతుంది: "సదరు ఉద్యోగికి సెక్షన్ పనిలో అనుభవం లేదు." అనుభవం రాకుండా పదేళ్లు కాపలా కాసింది ఎవరో ఆ నోట్‌లో ఉండదు.

పని చెప్పకుండా జీతం ఇవ్వడం వరం కదా అనేవాళ్లు ఉన్నారు. ఆ సుఖం వాళ్లకు స్వానుభవం, నలుగురికీ పంచాలనుకోవడం వాళ్ల మంచితనం. చిన్న తేడా ఉంది. పొద్దస్తమానం ఫోన్లో వీడియోలు చూసే గుమస్తాను సోమరి అంటారు. పని అడిగినా ఇవ్వకుండా కూర్చోబెట్టిన అంధుణ్ణి పాపం అంటారు. సోమరికి ప్రమోషన్ వస్తుంది.

చట్టం లేక కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం వికలాంగులకు కేటాయించింది. అందులో 1 శాతం అంధులకు, చూపు తక్కువ ఉన్నవారికి. ఉద్యోగికి అవసరమైన సదుపాయాలు కల్పించడం ఆఫీసు బాధ్యత అని కూడా రాసింది. అంతకుముందు 1995 చట్టంలోనూ అంధులకు ఈ 1 శాతం ఉంది. కానీ ఏ పోస్టులు ఇవ్వొచ్చో ఇంకా గుర్తించలేదని సర్కారు వాదించింది. సివిల్స్ పాసైన అంధ అభ్యర్థి కోర్టుకెక్కితే, గుర్తించకపోవడం రిజర్వేషన్ ఎగ్గొట్టడానికి సాకు కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చట్టం వచ్చిన పదిహేనేళ్లకు కూడా పోస్టు ఎక్కడుందో కనిపెట్టలేకపోయినవాళ్లంతా చూపు నిక్షేపంగా ఉన్నవాళ్లే.

కోర్టుల ఇల్లు మాత్రం చక్కగా ఉందా అంటే, మధ్యప్రదేశ్‌లో చూపులేనివాళ్లు జడ్జీ ఉద్యోగానికి పనికిరారని ఒక రూలు ఉండేది. కళ్లకు గంతలు కట్టుకున్న దేవతను నిష్పాక్షికతకు గుర్తుగా నిలబెట్టుకున్న వ్యవస్థే ఆ రూలు రాసుకుంది. సుప్రీంకోర్టు దాన్ని 2025 మార్చి 3న కొట్టేసింది.

సరే, కోర్టు చెప్పింది, పోస్టు వచ్చింది, మనిషి చేరాడు. ఇక పని చేయనివ్వకపోవడం ఎలా? అందుకు మన ఆఫీసులు కనిపెట్టిన పద్ధతి మహా సులువైనది. ఒక జీవో తీసుకోండి. పద్నాలుగు పేజీలు. టైపు చేసింది కంప్యూటర్లోనే. దాన్ని ప్రింటు తీస్తారు. సంతకం పెడతారు. గుండ్రటి స్టాంపు కొడతారు. కొంచెం వంకరగా స్కాన్ చేసి, పీడీఎఫ్ కట్టి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. ఇప్పుడది రాత కాదు, రాతకు తీసిన ఫొటో. తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని తెరిచి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికి, "ఖాళీ డాక్యుమెంట్" అని ప్రకటిస్తుంది. మన జీవోల్లో విషయం ఉండదని ప్రతిపక్షాలు ఎప్పుడూ అనేదే. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు.

స్కాన్ చేయకుండా అసలు ఫైలే పంపితే? అప్పుడు అను ఫాంట్లు ఆదుకుంటాయి. యూనికోడ్ కాకుండా ఆ ఫాంట్లలో కొట్టిన తెలుగు కంటికి ముత్యాల్లాంటి తెలుగే. కంప్యూటరుకు మాత్రం అది పొంతన లేని పరాయి గుర్తుల కుప్ప. స్క్రీన్ రీడర్ ఆ కుప్పను ఉన్నదున్నట్టు చదువుతుంది. పక్క సీటువాళ్లు విని, "పాపం, ఆయన కంప్యూటరు పాడైంది" అంటారు. ఆయన కంప్యూటరుకు ఏమీ కాలేదు.

పోర్టల్ తెరుద్దామంటే, వంకర టింకర అక్షరాలు చూసి టైపు చేసి ముందు మనిషినని నిరూపించుకోమంటుంది. చూపు లేకపోతే దాని లెక్కలో రోబో. బ్యాంకు ఖాతాకు కేవైసీ చేద్దామంటే కళ్లు ఆర్పమంటుంది. ఆర్పితేనే బతికున్నట్టు. ఈ కేవైసీ పద్ధతుల్ని అందరికీ అందుబాటులోకి తేవాలని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంతకీ పని కుదరనిది ఆ ఉద్యోగి కళ్లతోనా, మన ఫైళ్లతోనా?

పూర్తిగా చూపులేనివారికి జాలి అయినా దక్కుతుంది. కొంచెం చూపున్నవారికి దక్కేది అనుమానం. సదరం క్యాంపులో డాక్టర్లు పరీక్షించి, వైకల్యం 40 శాతం దాటిందని సర్టిఫికెట్ ఇచ్చినా, సెక్షన్‌లో రెండో క్యాంపు నడుస్తూనే ఉంటుంది. "ఇవెన్ని వేళ్లు?" "ఫోన్ చూస్తున్నావుగా?" "నన్ను గుర్తుపట్టావుగా?" రేచీకటితో మొదలయ్యే రెటీనా జబ్బు ముదిరినవాళ్లకు చూపు గొట్టంలోంచి చూసినట్టు కుంచించుకుపోతుంది. ఫైల్లో అక్షరం కనిపిస్తుంది, కాలి పక్కన బకెట్ కనిపించదు. పొద్దున మామూలుగా నడిచిన మనిషి సాయంత్రం మెట్ల దగ్గర తడబడతాడు. ఆఫీసు దృష్టిలో ఇది జబ్బు కాదు, నటన. ఉద్యోగంలో ఉండగా చూపు తగ్గితే తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని, సరిపడే పోస్టు లేకపోతే అదనంగా సృష్టించైనా ఉంచాలని చట్టం చెబుతోంది. అయినా చాలామంది పెద్దక్షరాలు అడగడానికి జంకి, తలనొప్పని చెప్పి నెట్టుకొస్తారు. పాపం సీటా, నటన సీటా అని ఎంచుకోమంటే ఎవరైనా అంతే చేస్తారు.

ప్రైవేటు కంపెనీలది ఇంకో బాణీ. వాళ్లకు సానుభూతి ఉంది, పాలసీ ఉంది, లిఫ్టు పక్కన పోస్టర్ కూడా ఉంది. చివరి రౌండు ఇంటర్వ్యూలో హెచ్ఆర్ మేడమ్‌కు హఠాత్తుగా మంటలు గుర్తొస్తాయి. "ఫైర్ యాక్సిడెంట్ అయితే మీరెలా బయటికి వెళ్తారు?" ఆ ఫైర్ ఎగ్జిట్‌కు అడ్డంగా పాత కుర్చీలు, జిరాక్స్ పేపరు కట్టలు పేర్చి ఉన్నాయి. పొగ కమ్మి, లైట్లు పోతే ఆ భవనంలో ఎవరూ ఏమీ చూడలేరు. చీకట్లో దారి వెతకడం అప్పటికే నేర్చిన మనిషిని మాత్రం, భద్రత దృష్ట్యా, ఇంటికి పంపేస్తారు.

వీళ్లే బొల్లా శ్రీకాంత్ సినిమా చూసి కళ్లు తుడుచుకుంటారు. పదో తరగతి తర్వాత, చూపులేనివాడికి సైన్సు ఎందుకని అడ్డుపడితే ఆ మచిలీపట్నం ప్రాంతపు కుర్రాడు కోర్టుకెళ్లి సీటు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎంఐటీలో చదివాడు. తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి ఇతరులకే ఉద్యోగాలిచ్చాడు. 2024లో ఆయన కథ హిందీ సినిమా అయింది. ఆ ట్రైలర్‌ను ఆఫీసు గ్రూపులో పంచుకుని, దండాల బొమ్మలు పెట్టి, మర్నాడు చూపులేని అభ్యర్థి రెజ్యూమేను పక్కన పెట్టడానికి ఏ చెయ్యీ వణకదు. స్ఫూర్తికి జీతం ఇవ్వక్కర్లేదు మరి.

ఇక ఖర్చు. "సదుపాయాలంటే బోలెడు బడ్జెట్ కావాలండీ" అంటారు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో ఒక అంధ యువకుడు మొదలుపెట్టాడు. ఉచితం. తెలుగు కూడా చదువుతుంది. యూనికోడ్‌లో టైపు చేయడం ఉచితం. స్కాన్ చేయకుండా ఫైలు పంపడం ఉచితం, పైగా స్కాన్ చేసే శ్రమ మిగులు. వీటికి లేని బడ్జెట్ ఏటా డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవానికి ఎక్కణ్నుంచో ఊడిపడుతుంది. శాలువా, పూలదండ, యాపిల్ పళ్లు, షామియానా, మైకు, మైకులో నలభై నిమిషాల ఆత్మస్థైర్యం.

ఈసారి శాలువా మానేయండి. ఒక ఫైలు ఇవ్వండి. చదవడానికి వీలైనది, అందరికీ ఇచ్చినట్టే గడువు పెట్టి ఇవ్వండి. గడువు దాటితే అందరికీ ఇచ్చినట్టే మెమో ఇవ్వండి. తప్పు చేసి మెమో తినడం కూడా ఉద్యోగంలో భాగమే, దాన్ని దయతో ఎగ్గొట్టకండి. ఆ మెమోను మాత్రం దయచేసి స్కాన్ చేసి పంపకండి. "ఖాళీ డాక్యుమెంట్" అని వస్తే ఆయనేం సంజాయిషీ రాసుకోవాలి?