ఇల్లందులో విందు

వానపడే రోజు చూసుకుని సింగరేణి పుట్టిల్లయిన ఇల్లందు వెళ్లాలట. వేడివేడి బజ్జీలు తింటూ బొగ్గు ఊరి అందాలు ఆస్వాదించాలట. పర్యాటకం మీద ఓ పెద్దమనిషి సెలవిచ్చిన మాట ఇది. ఆ మాట విని నేను బస్సెక్కాను కూడా. నాకు కనిపించిన లోపం ఒక్కటే: ఆయన బజ్జీ దగ్గరే ఆగిపోయారు. అక్కడ పూర్తి భోజనమే సిద్ధంగా ఉంది!

ముందు చారు. ఓపెన్‌కాస్టు గుంత నిండా వాన నీళ్లు, నల్లగా, చిక్కగా. అనవసరంగా పంపులు పెట్టి తోడిపోస్తున్నారు. గరిటెలిచ్చి అతిథుల్ని దింపితే కరెంటు ఖర్చన్నా మిగులుతుంది. మిరియాల పొడి అంటారా, వాన వెలిసి రోడ్డు ఆరితే చాలు, టిప్పర్లే చల్లిపోతాయి.

తర్వాత పులిహోర. బొగ్గు కోసం పైనుంచి తవ్వి తీసిన ఓబీ మట్టి గుట్టలుగా రాశి పోసి ఉంది. వడ్డించేవాడు అక్కర్లేదు. గట్టి వాన పడితే తనంతట తానే పక్క చేలోకి జారుతుంది. రైతు చెయ్యి అడ్డం పెట్టినా మారు వడ్డనే.

తాలింపు బ్లాస్టింగుది. అక్కడ పేలితే ఇక్కడ ఇళ్లలో గిన్నెలు గలగలమంటాయి.

ఊరగాయ బాగా పాతది. 1871లో కింగ్ అనే దొర ఇక్కడ బొగ్గు జాడ కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. ముక్కలన్నీ ఎవరెవరో తినేశారు. ఊరికి జాడీ అడుగున ఉప్పు మిగిలింది.

చాయ్ బండి దగ్గర ఓ రిటైరైన కార్మికుణ్ణి అడిగాను, ‘బాయిలో ఏం తినేవాళ్లు తాతా?’ అని.

‘చేతులు కడుగుదామంటే నీళ్లేడివి బిడ్డా? నెత్తిమీది లైటు వెలుగులనే క్యారేజి విప్పేటోళ్లం. తెల్లబువ్వ మీద నల్లగ ఐదు వేళ్లు అచ్చు పడేవి.’

అలా తిన్నవాళ్లు 1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్షకు పైనే. ఇప్పుడు పర్మినెంటు వాళ్లు అందులో సగం కూడా లేరు. తాత మనవడు కాంట్రాక్టరు దగ్గర టిప్పరు తోలతాడు. వానకు పని ఆగిన రోజు వాడికి కూలి లేదు. మీకు వానంటే బజ్జీయా పెద్దమనిషిగారూ? ఎవరి వాన, ఎవరి బజ్జీ? ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది?

మనవడు అక్కడే పట్టా కింద తడిసిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. తాతతో కలిసి వన్ బై టూ చాయ్ చెప్పాడు. బండివాడు బజ్జీల పళ్లెం ముందుకు జరిపితే, జేబు తడుముకుని, ‘వద్దులే అన్నా’ అన్నాడు.