నౌపడలో ఒక రష్యా పుస్తకం

నేను పుట్టింది మాస్కోలో, మసిలింది నౌపడలో. నా అట్ట మీద కొన్‌స్తాంతిన్ సిమొనోవ్ అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఆయన కవితలూ యుద్ధరచనలూ కలిపి కట్టిన సంపుటాన్ని నేను. సోవియట్ పుస్తకాలు కారుచౌకగా దొరికే రోజుల్లో ఒక రైల్వే గుమస్తా విశాఖపట్నంలో నన్ను కొని, ప్యాసింజరు బండిలో తన ఊరికి తెచ్చుకున్నాడు.

ఆయన కొలువు నౌపడ జంక్షన్‌లో. హౌరా నుంచి మద్రాసు పోయే పెద్ద లైను ఒకపక్క, పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్న లైను మరోపక్క. ఆ చిన్న లైను 1931లో గుణుపురం దాకా సాగింది. ఊరి చుట్టూ ఉప్పు మళ్ళు. ఆ గాలికి నా కాగితాలు చెమ్మగిల్లేవి. ఎండలు ముదరగానే గుమస్తా నన్ను అరుగు మీద ఆరబెట్టేవాడు. అలా ఆరబెట్టిన ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది.

"ఏట్రా, అస్తమానూ ఈ బుక్కే సదువుతావు? ఏటుంది ఇందల?"

"రష్యా కవిదమ్మా. యుద్ధానికి పోతూ, తన మనిషిని ఎదురు చూడమని రాసేడు."

"సదివి సెప్పు."

ఆయన చదివాడు. ఇంగ్లీషు ముక్క ఒకటి చూడడం, తమ ఇంటి మాటల్లో చెప్పడం. ఆ కవిత పేరు 'నాకోసం వేచి ఉండు'. 1941 వేసవిలో, హిట్లర్ సేనలు సోవియట్ నేల మీద పడిన తొలి వారాల్లో, పాతికేళ్ళ సిమొనోవ్ దాన్ని రాశాడు. ఎవరికోసం? వాలెంతీనా సెరోవా అనే నటి కోసం. అచ్చుకోసం రాసింది కాదు. అయినా 1942 జనవరి 14న 'ప్రావ్దా' పత్రిక దాన్ని వేసింది. సైనికులు దాన్ని కత్తిరించి జేబుల్లో పెట్టుకున్నారు, ఉత్తరాల్లో నకలు రాసి ఇళ్ళకు పంపారు. ఒక మగవాడు ఒక స్త్రీకి చెప్పుకున్న మాట లక్షల ఇళ్ళ మాటయింది.

ముసలామె అంతా విని, నా మీద చెయ్యి వేసి అడిగింది: "ఎదురు సూస్తే వచ్చెస్తారేటి? నాను సూడలేదేటి? మీ అయ్య వచ్చీసేడా?"

గుమస్తా తలవంచుకున్నాడు. ఆయన తండ్రి రంగం, అంటే బర్మా, పోయినవాడు. ఈ తీరం నుంచి ఎందరో రంగూను రేవులకూ వడ్ల మిల్లులకూ కూలికి పోయారు. 1941 డిసెంబరు 23న ఆ పట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. మన జనం మూటలు నెత్తిన పెట్టుకుని, కొండలూ అడవులూ దాటుతూ కాలినడకన బయల్దేరారు. మాస్కోలో ఆ కవిత అచ్చవుతున్న జనవరిలో వాళ్ళు దారుల్లో ఉన్నారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడే నాటికి కొందరు ఇల్లు చేరారు. కొందరు చేరలేదు. ఆ చేరనివాళ్ళలో ఈ ఇంటాయన ఒకడు.

ఎదురు చూసినా రానివాళ్ళ సంగతేమిటి? ఈ ప్రశ్న నా పుటల్లోనే ఉందని ఆ రోజు నాకు తెలిసింది. సిమొనోవ్ మిగిలిన బతుకంతా దానికే జవాబు వెతికాడు.

ఆయన 1915లో పెత్రోగ్రాద్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కిరీల్. ర, ల సరిగా పలకక కొన్‌స్తాంతిన్ అని మార్చుకున్నాడు. సైన్యాధికారి అయిన తండ్రి అంతర్యుద్ధపు రోజుల్లో ఆచూకీ లేకుండా పోయాడు. పెంచిన తండ్రి కూడా సైనికుడే. కుర్రతనంలో కార్ఖానాలో లేతు మీద పనిచేశాడు. తర్వాత గోర్కీ సాహిత్య సంస్థలో చదివాడు. 1939లో మంగోలియా సరిహద్దున ఖల్ఖిన్ గోల్ పోరులో యుద్ధ విలేఖరి అయ్యాడు.

1941 జూలైలో మొగిల్యోవ్ ఊరి బయట బుయినిచి పొలానికి వెళ్ళాడు. అన్నిచోట్లా సైన్యం వెనక్కి తగ్గుతున్న వేళ, అక్కడ కర్నల్ కుతేపోవ్ దళం ఒక్కరోజులో 39 జర్మన్ ట్యాంకులను ఆపేసింది. కాలిన ట్యాంకుల ఫొటోలు పత్రికలో పడ్డాయి. జనానికి ధైర్యం వచ్చింది. ఆ పొలంలో తనతో మాట్లాడినవాళ్ళలో చాలామంది మళ్ళీ కనబడలేదు. వెనక్కి తగ్గే దారిలో పల్లెటూళ్ళ ఆడవాళ్ళూ ముసలమ్మలూ సైనికులను సాగనంపిన సంగతి, తోటి కవి సుర్కోవ్‌ను పేరుపెట్టి పిలుస్తూ రాసిన మరో కవితలో చెప్పాడు. మా గుమస్తా తల్లికి ఆ కవితే నచ్చింది. "ఈడికి ముసలోళ్ళ మీద గురి ఉందిరా" అంది.

తర్వాత స్తాలిన్‌గ్రాద్. అక్కడి నుంచి 'పగళ్ళూ రాత్రులూ' నవల పుట్టింది. 1944లో పోలండులోని మైదానెక్ మృత్యుశిబిరాన్ని చూసి, ఆ ఘోరాన్ని లోకానికి చెప్పిన తొలి విలేఖరుల్లో ఒకడయ్యాడు. 1945 మేలో బెర్లిన్‌లో జర్మనీ లొంగుబాటు సంతకాలు జరిగినప్పుడు ఆ గదిలో ఉన్నాడు. మన విశాఖ కవి శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లో రష్యాను గర్జించమన్నాడు. ఆ గర్జనను దగ్గరుండి విన్నవాడు సిమొనోవ్.

యుద్ధం అయిపోయాక ఆయన పెద్దవాడయ్యాడు. ఆరు స్టాలిన్ బహుమతులు, పత్రికల సంపాదకత్వం, రచయితల సంఘంలో పదవి. ఆ పదవిలో ఉండగానే 1949లో నాటక విమర్శకుల మీద సాగిన వేటలో గొంతు కలిపాడు. అది మచ్చే. నా రచయిత అని దాన్ని దాచను. ఆయనా దాచుకోలేదు. చివరి ఏడాది స్టాలిన్ కాలం గురించీ అందులో తన పాలు గురించీ చెప్పి రాయించాడు. ఆ పుస్తకం ఆయన పోయాక 1988లో వెలుగు చూసింది. బుల్గాకోవ్ పోయిన పాతికేళ్ళకు పైగా బీరువాలో పడి ఉన్న 'మాస్టర్ అండ్ మార్గరీటా' 1966లో పత్రికకెక్కినప్పుడు, ముందుమాట రాసి తోడు నిలిచాడు.

వీటన్నిటికంటే నేను గర్వపడేది మరొకటి ఉంది. 1959లో వచ్చిన 'సజీవులు, మృతులు' నవలలో ఆయన గెలుపు నుంచి మొదలుపెట్టలేదు. 1941 ఓటమి నుంచీ, చెల్లాచెదురైన దళాల నుంచీ, పేరు లేకుండా పోయినవాళ్ళ నుంచీ మొదలుపెట్టాడు. అందులోని సెర్పీలిన్ అనే సేనాని పాత్రలో కుతేపోవ్ ఛాయ ఉంది. ఇంకో రెండు నవలలు చేర్చి 1971కి ఆ కథ ముగించాడు. అప్పటికీ తనివి తీరక, మామూలు సైనికులను కెమెరా ముందు కూచోబెట్టి, మీరేం చూశారో చెప్పండి అని అడిగాడు. సేనానుల జ్ఞాపకాలు అచ్చవుతాయి, సైనికుడి జ్ఞాపకం వాడితోనే పోతుంది అన్నది ఆయన బెంగ. 1979 ఆగస్టు 28న కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని బుయినిచి పొలంలో చల్లారు.

ముసలామె ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. ఎదురు చూపు అందరినీ తిరిగి తేలేదు. తిరిగి రానివాళ్ళ గురించి అడిగి, విని, రాసి పెట్టే మనిషి ఉంటే, ఆ ఎదురు చూపుకు ఒక విలువ దక్కుతుంది.

మా శ్రీకాకుళం జిల్లాలోనూ ఎదురు చూపులకు కొదవ లేదు. మిలట్రీకి పోయే కుర్రాళ్ళు ఊరూరా ఉన్నారు. గుజరాత్ పడవల మీద వేటకు పోయిన ఇక్కడి మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కితే, వాళ్ళ ఆడవాళ్ళు ఏడాది పైన ఎదురు చూశారు. 2020 జనవరిలో ఆ మత్స్యకారులు విడుదలయ్యారు.

గుమస్తా లేడు, ఆయన తల్లీ లేదు. చిన్న లైను పెద్దదై 2011 నుంచి గుణుపురానికి పెద్దబళ్ళు పోతున్నాయి. నన్ను ఇప్పుడు చదువుతున్నది ఆయన మనవరాలు. ఆమెకు నేను చెప్పాలనుకున్నది మీకూ చెబుతున్నాను. రంగం నుంచి నడిచి వచ్చినవాళ్ళు దాదాపు అందరూ పోయారు. వాళ్ళ నోట కథ విన్న పిల్లలు ముసలివాళ్ళయి ఇంకా ఉన్నారు. రిటైరైన జవాన్లు ఉన్నారు, వాళ్ళకోసం దీపం ముట్టించి కూచున్న భార్యలూ ఉన్నారు. వెళ్ళి అడగండి. ఫోను ముందు పెట్టి చెప్పనివ్వండి. పేరూ ఊరూ రాసుకోండి. నా రచయిత ఒక పెద్ద దేశంలో చేసిన పని ఇది, మన పల్లెల్లో మనమే చెయ్యాలి.