నాలుగో గేదెకు రూల్సు తెలీవు!

వరదలో పాడి గేదె పోతే 37,500, గొర్రె పోతే 4,000, కోడి పోతే 100 రూపాయలు. 2022-26 విపత్తు నిధి లెక్క ఇది. సంతలో మంచి ముర్రా లక్ష పైమాటే అంటారా? సర్కారు సంతకెళ్లదు కదా! పైగా గేదెలకైతే ఇంటికి మూడింటికే సాయం. నాలుగోది కొట్టుకుపోతే అది దాని సొంత నిర్ణయం. కోళ్లు మాత్రం దర్జాగా నూరు దాకా చావొచ్చు, నూటొకటోది ఈత నేర్చుకోవాల్సిందే.

చచ్చిందని పశువుల డాక్టరు రాసివ్వాలి. కళేబరం చూడందే ఆయన కలం కదలదు. చూపిద్దామంటే అదేమో బుడమేరు దారిన కొల్లేరు చేరిపోయె! ఇక ఆనవాలు చెప్పాలంటే గేదె చెవి ట్యాగు మీది పన్నెండంకెలూ రైతుకు నోటికొచ్చి ఉండాలన్నమాట. గేదెకు ముందే చెప్పి ఉంచాల్సింది... పోతే పోయావు, చెవి ఒకటి గట్టున పెట్టి పొమ్మని.