తలుపు మీది పనసతొక్క: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మెదక్ సీమలోని కొలిచారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు మూడు కావ్యాలకూ వ్యాఖ్య రాసి ధన్యుడయ్యాడు. వార్నిష్ జోలికి మాత్రం పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సాహసం. పద్యం రాసిందీ టీక రాసిందీ ఒక్కరే కాబట్టి పాఠభేదాల తగువు లేదు. కవిహృదయం పాఠకుడికి అందకపోతే ఎవరిని తిట్టాలో కూడా వేరే వెతుక్కోనక్కర్లేదు.

సందర్భం: కొత్త ఇల్లు, టేకు సింహద్వారం. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. తలుపు రుద్దడం ఇప్పుడే అయింది. పక్క గదిలో టైల్స్ కోసే మిషన్ ఇంకా అరుస్తూనే ఉంది. యజమాని వార్నిష్ డబ్బా మూత తీయమంటున్నాడు. పాలిష్ మేస్త్రి ఛందస్సు తెలిసినవాడైతే ఏమనేవాడో అదే ఈ తేటగీతి.

గరుకు కాగితమున రుద్ది కలపమీద
నిలుచు ధూళినిఁ దుడువక నిగనిగలకుఁ
బూత పూసిన ఘనునింటఁ బొద్దువాలఁ
బట్టుఁ దలుపున కారాత్రె పనసతొక్క

ప్రతిపదార్థం

గరుకు కాగితమునన్ = ఉప్పుకాగితంతో (నంబరు చెప్పలేదు; 80, 120, 180, 220 అని వరుసగా అధ్యాహారం చేసుకోవాలి, అంకె పెరిగేకొద్దీ నునుపు); రుద్ది = చెక్క చారల వెంబడే రుద్ది, అడ్డంగా కాదు; కలపమీదన్ నిలుచు = టేకు పైన మిగిలిన; ధూళినిన్ = పసుపుపచ్చని రంపపు పొడి కన్నా సన్నని పొడిని; తుడువక = తుడిచాననుకొని; నిగనిగలకున్ = చుట్టాలు చూసి మెచ్చుకొనేందుకు; పూత పూసిన = వార్నిష్ కొట్టించిన; ఘనుని ఇంటన్ = మహానుభావుడి ఇంట్లో; పొద్దు వాలన్ = సాయంత్రమయ్యేసరికి; తలుపునకున్ = పాపం, తలుపుకి; ఆ రాత్రె = ఆ రాత్రే; పనసతొక్క = వేలితో తడిమితే తెలిసే బుడిపెలు; పట్టున్ = కడతాయి.

తాత్పర్యం

దుమ్ము తుడవకుండా వార్నిష్ వేస్తే తలుపు గరుకుతేలుతుంది. ఇంత చిన్న సంగతికి పద్యం దేనికని అడిగేవాళ్ళు కింది విశేషాలు చదవాలి.

విశేషాలు

‘తుడువక’ అన్న మాటకు మేమిచ్చిన అర్థం చూసి వైయాకరణులు ఉలిక్కిపడతారు. కానీ లోకంలో బొత్తిగా తుడవనివాడు అరుదు. భుజం మీది తువ్వాలుతో తలుపుని నాలుగు దెబ్బలు కొట్టి, అయిందనుకొనేవాడే ఎక్కువ. కవి గురి వాడి మీదే.

‘కలపమీద’ అనడంలో కవి పొరపడ్డాడని ఒక ఆక్షేపణ ఉంది. టేకుకి కంటికి కనిపించే రంధ్రాలు ఉంటాయి. అసలు దుమ్ము దాక్కునేది వాటిలో. పొడిగుడ్డతో అదిమి తుడిస్తే పైది కాస్తా లోపలికి దిగుతుంది. ఆ తర్వాత వార్నిష్ పడితే చారల్లో తెల్లగా, మసకగా ఉండిపోతుంది. అది నిజమే, అయినా ఇక్కడ ‘మీద’ ఉపలక్షణం. చెక్క లోపలి దుమ్ము, గడప మూలల్లోది, ద్వారబంధం పైఅంచున ఎవరూ చూడనిది, కిటికీ ఊచలది, నేలది, చివరికి మేస్త్రి జుట్టులోదీ చొక్కా మడతల్లోదీ కూడా ఇందులోకే వస్తాయి. చాలామంది తలుపు మాత్రం తళతళలాడేలా తుడిచి, అదే చొక్కాతో బ్రష్ పట్టుకుంటారు. తలుపు మీద వాలేది ఆ చొక్కా దుమ్మే.

ఇక తుడిచే క్రమం. మొదట మెత్తటి పొడి బ్రష్‌తో చారల వెంబడి, పైనుంచి కిందికి. వాక్యూమ్ ఉంటే దాని కుచ్చు మూతితో రంధ్రాల్లోది లాగాలి. ఆ తర్వాతే గుడ్డ. పాత నూలు బనియన్ శ్రేష్ఠం. నూగు రాలే కొత్త గుడ్డ పనికిరాదు. నూనె వార్నిష్ వేసేట్టయితే గుడ్డని టర్పెంటైన్‌లో కొద్దిగా తడిపి తుడవాలి, మడత మారుస్తూ ఉండాలి, తుడిచిన చోట పూర్తిగా ఆరనివ్వాలి. నీళ్ళగుడ్డ పెడితే చెక్క నూగు లేస్తుంది, రుద్దిన శ్రమ సగం వృథా. నీటి ఆధారిత పూత వేసేవాళ్ళు మాత్రం కావాలనే ఓసారి తడిపి, ఆరాక ఆ నూగుని 220తో తీసేస్తారు. చపడా పాలిష్‌లో పూతకీ పూతకీ మధ్య స్పిరిట్ గుడ్డ తగలనివ్వకూడదు. కింది చపడా స్పిరిట్‌లో కరిగినదే కదా, మళ్ళీ కరిగి లేచి వస్తుంది. వార్నిష్, నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కి, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటాయి. విప్పి, ఆరుబయట విడివిడిగా ఆరేయాలి.

పూర్వపక్షం: నోటితో ఊదితే పోదా?

సిద్ధాంతం: పోదు. లేచిన పొడి గదంతా తిరిగి, నిదానంగా అదే తలుపు మీద దిగుతుంది. ఎయిర్ కంప్రెసర్‌తో కొట్టినా అంతే, ఇంకొంచెం ఎత్తు లేస్తుంది. పైగా ఊదేవాడి తుంపర అదనం. మరీ సన్నని పొడి ముక్కులోకి పోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్కపొడిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మాస్కు కట్టుకోవడం మేస్త్రికి నామోషీ అయితే, డబ్బిచ్చే యజమాని అయినా గట్టిగా చెప్పాలి.

ఊడ్చే ముందు నేల మీద నీళ్ళు చిలకరించాలని కళ్ళాపి చల్లిన చేతులన్నిటికీ తెలుసు. పూత గదిలోనూ అంతే. చిలకరించి, లేచిన పొడి దిగేదాకా బయట టీ తాగి రావాలి. టైల్స్ మిషన్‌కి ఆ పూటకి సెలవు.

‘పనసతొక్క’ అతిశయోక్తి అని కొందరంటారు. మేం ఒప్పుకోం, ఇది స్వభావోక్తి. తడి వార్నిష్‌లో పడ్డ రేణువు తన పరిమాణంతో తృప్తిపడదు. తలతన్యత వల్ల వార్నిష్ దాని చుట్టూ పైకి పాకి, చిన్న గుట్టగా నిలిచి, అలాగే గట్టిపడుతుంది. కంటికి ఆననంత నలుసు ఆరేసరికి వేలికి బుడిపెగా తగులుతుంది. ‘నిగనిగలకు’ అన్నది సాభిప్రాయం: మెరిసే పూత మీద ప్రతి బుడిపే ఒక చుక్క వెలుగు పట్టి చూపిస్తుంది, మాట్ పూత కొంత దాచిపెడుతుంది. అందుకే పూతకి ముందు టార్చి వేసి చూడాలి. ఎదురుగా కాదు, తలుపు పక్కనుంచి, చెక్కకి ఆనించినంత ఏటవాలుగా. అప్పటిదాకా శుభ్రంగా కనిపించిన పలక మీద మిగిలిన పొడి అంతా నీడలతో సహా బయటపడుతుంది.

‘పొద్దు వాలన్’ అని ‘ఆ రాత్రె’ అనడం పునరుక్తి కాదు. నూనె వార్నిష్ గంటల తరబడి జిగటగా ఉంటుంది. పొద్దు వాలేవరకు ఎగిరే ప్రతిదీ అంటుకుంటుంది, రాత్రికి పైపొర బిగుస్తుంది. రెండు దశలకి రెండు మాటలు. చపడా నిమిషాల్లో ఆరుతుంది కనుక ఆ పనివాళ్ళకి ఈ పద్యం సగమే వర్తిస్తుంది.

‘ఘనుడు’ వ్యాజస్తుతి. వివరిస్తే యజమాని నొచ్చుకుంటాడు.

ఒక చిక్కు మిగిలింది. బుడిపెలు వచ్చాయనుకోండి; పూత బాగా గట్టిపడ్డాక 400 కాగితంతో తేలిగ్గా రుద్ది, ఇంకో పూత వేయాలి. రుద్దితే మళ్ళీ దుమ్ము, ఈసారి తెల్లని వార్నిష్ పొడి. దాన్ని తుడవకపోతే మళ్ళీ పనసతొక్క, మళ్ళీ 400. ఇది అనవస్థా దోషం కదా అని నైయాయికులు అడుగుతారు. ఆఖరి పూత మీద కాగితం పెట్టం గనుక దోషం అక్కడితో ఆగుతుంది. ఆ ఆఖరి పూత ఆరేదాకా గదిలో పంకా వెయ్యకూడదు. ఉక్కపోస్తోందని స్విచ్చి వైపు చెయ్యి చాచే హక్కు ఇంటి యజమానికే కాదు, ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారికీ లేదు.