ఈ బండి అద్దెకివ్వబడును

సొంత బండి అయితే "నేను" అనుకోవచ్చు. పొద్దున ఒకరి చేతిలో, మాపు ఇంకొకరి చేతిలో నడిచే అద్దెబండికి ఆ దర్జా ఎక్కడిది? అందుకే ఈ ఆత్మకథలో "నేను" ఎక్కడా కనపడదు. "ఈ బండి" అన్న మాటే వినపడుతుంది.

ఈ బండి ఓ సుజుకి జిమ్నీ. రెండు తలుపులు, నాలుగు సీట్లు, అవసరమైతే నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటు. మన పోలీసు స్టేషన్ల ముందు ఏళ్ల తరబడి నిలబడ్డ మారుతీ జిప్సీ ఈ వంశంలోదే. జపాన్‌లో జిమ్నీగా పేరు పడ్డ జీపు భారతదేశంలో 1985లో జిప్సీ పేరుతో రోడ్డెక్కింది. ఈ బండి మాత్రం జపాన్‌లో కొన్నేళ్లు ఎవరింట్లోనో తిరిగి, సెకండ్ హ్యాండ్ సరుకుగా ఓడెక్కి, కరీబియన్‌లోని ఆంటిగ్వా దీవిలో దిగింది. అక్కడా ఎడమ పక్కనే నడపాలి కాబట్టి స్టీరింగు మార్చే పని పడలేదు. పుట్టింటి అలవాట్లు మాత్రం రెండు మిగిలాయి. రేడియో 90 మెగాహెర్ట్జ్ దాటి పైకి పోదు, దీవి పాటలేమో చాలావరకు ఆ పైనే వస్తాయి. స్పీడోమీటరు కిలోమీటర్లు చూపిస్తుంది, రోడ్డు పక్క బోర్డులు మైళ్లు చెబుతాయి. బండి ఎంత వేగంగా పోతోందో లెక్కకట్టే భారం నడిపేవాళ్లదే.

ఆంటిగ్వా వైశాల్యం 281 చదరపు కిలోమీటర్లు. ఏడాదిలో రోజుకొకటి చొప్పున 365 బీచ్‌లున్నాయని దీవివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. పక్కనున్న బార్బుడాతో కలిసి 1981 నవంబరు 1న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశమిది. ఒక్క రోజులో చుట్టేయొచ్చని ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లూ అంటారు, పడవల్లో వచ్చినవాళ్లూ అంటారు. అన్నవాళ్లలో ఎక్కువమంది చూసేది అంచునే.

ఈ బండిని ఎక్కువగా అద్దెకు తీసుకునేది పడవవాళ్లే. అద్దె ఆఫీసు ఫాల్మౌత్ హార్బర్ ఒడ్డున ఉంది. డిసెంబరు నుంచి మే దాకా అక్కడా, పక్కనే ఉన్న ఇంగ్లిష్ హార్బర్‌లోనూ తెరచాప పడవలు కిక్కిరిసి ఉంటాయి. పడవ రాగానే పసుపు జెండా ఎగరేసి, కెప్టెన్ ఒక్కడే ఒడ్డుకు వచ్చి కస్టమ్స్, ఇమిగ్రేషన్ కాగితాలు పూర్తి చేస్తాడు. ఆ తతంగం ముగిశాక పసుపు జెండా దించి, ఆంటిగ్వా జెండా ఎగరేస్తారు. అప్పుడుగానీ మిగతావాళ్లు డింగీ అనే చిన్న పడవలో ఒడ్డుకు దిగడానికి లేదు. దిగినవాళ్ల చేతుల్లో కెమెరా కంటే ముందు మాసిన బట్టల సంచీ, ఖాళీ గ్యాస్ సిలిండరు, ఐస్ పెట్టె కనిపిస్తాయి. దీవి చూడ్డం తర్వాత సంగతి. ముందు లాండ్రీ, కోడిగుడ్లు, ఇంజను ఆయిలు.

ఆఫీసు కుర్రాడు ఓ మ్యాపు పరిచి బాల్‌పెన్నుతో గీతలు గీస్తాడు. "ఇక్కడ చర్చి వస్తుంది, ఎడమకి తిరగండి, బోర్డు ఉండదు" అంటాడు. తాత్కాలిక లైసెన్సు కాగితం చేతిలో పెట్టి, బండి చుట్టూ తిరిగి పాత గీతలన్నీ ఫారంలో గుర్తు పెడతాడు. ఈ బండి ఒంటిమీద మచ్చలకు అంతకు మించిన జాతకం ఎక్కడా లేదు.

ఇక మొదటి మలుపు. కుడివైపు స్టీరింగున్న జపాన్ బండిలో ఇండికేటరు కాడ కుడిచేతికి, వైపర్ కాడ ఎడమచేతికి ఉంటాయి. అమెరికావాళ్లు, ఫ్రాన్సువాళ్లు అలవాటుగా ఎడమచేయి కదుపుతారు. ఎర్రటి ఎండలో వైపర్లు గరగరమంటూ అద్దాన్ని గీకుతాయి. వెనక వస్తున్న బస్సు డ్రైవరుకు ముందున్నది పడవవాళ్లని ఆ క్షణంలోనే అర్థమైపోతుంది.

ఓసారి డల్లాస్‌లో ఉద్యోగం చేసే ఓ తెలుగు కుర్రాడు స్నేహితులతో కలిసి కాటమరాన్ అద్దెకు తీసుకుని వచ్చాడు. తెనాలి నుంచి వచ్చిన తండ్రి కూడా ఆ పడవలో ఉన్నాడు. స్నేహితులు హార్బర్‌లోనే ఉండిపోయారు, తండ్రీకొడుకులు ఈ బండి ఎక్కారు. మొదటి మలుపులో వైపర్లు తిరగ్గానే పెద్దాయన పకపకా నవ్వాడు.

"ఒరేయ్, వాన ఎక్కడరా? లే, నేను నడుపుతా. మన మారుతీ బండికీ ఇండికేటరు కుడిచేతికే గదా!"

"వద్దు నాన్నా, ఒప్పందంలో నా పేరొక్కటే ఉంది. నువ్వు మ్యాపు చూడు."

మ్యాపు చూసే పని పెద్దాయన అయిష్టంగానే ఒప్పుకున్నాడు. వాళ్లు మొదట ఆగింది నెల్సన్స్ డాక్‌యార్డ్‌లో. తుపానుల నుంచి కొండల చాటున దాక్కున్న ఈ రేవులో బ్రిటిష్ నౌకాదళం 18వ శతాబ్దంలో మరమ్మతుల కేంద్రం కట్టుకుంది. యుద్ధనౌకను పక్కకు ఒరిగించి అడుగు గీకడానికి తాళ్లు చుట్టిన క్యాప్‌స్టన్లు ఒడ్డున ఇప్పటికీ ఉన్నాయి. పైకప్పు పోయిన లావుపాటి రాతి స్తంభాలూ ఉన్నాయి. హొరేషియో నెల్సన్ 1784లో బోరియస్ అనే నౌకకు కెప్టెన్‌గా వచ్చి 1787 దాకా ఈ దీవుల్లో పనిచేశాడు. అమెరికా ఓడలతో వ్యాపారాన్ని చట్టం పేరు చెప్పి అడ్డుకుని, చక్కెర తోటల యజమానుల చేత తిట్లు తిన్నాడు. ఈ డాక్‌యార్డ్ గోడలు కట్టింది మాత్రం ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. నౌకాదళం 1889లో వదిలేసి వెళ్లాక రేవు పాడుబడింది. 1949లో వెర్నన్ నికల్సన్ అనే మాజీ నౌకాదళ అధికారి కుటుంబంతో తెరచాప పడవలో వచ్చి ఇక్కడే ఆగిపోయాడు. పడవలను సెలవులకు అద్దెకిచ్చే వ్యాపారం ఈ రేవులో అలా మొదలైంది. బాగుచేసిన డాక్‌యార్డ్ 1961లో తెరుచుకుంది, 2016లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. 1968లో మొదలైన ఆంటిగ్వా సెయిలింగ్ వీక్ పడవ పందేలు ఈ రేవు పేరును ప్రపంచమంతా తిప్పాయి.

చాలామంది పడవవాళ్లకు ఆంటిగ్వా ఇక్కడితో సరి. పైనున్న షర్లీ హైట్స్ కొండకు ఆదివారం సాయంత్రం స్టీల్ బ్యాండ్ వినడానికి వెళ్తారు. అక్కణ్ణుంచి ఆకాశం తేటగా ఉంటే నైరుతి దిక్కున మాంట్సెరాట్ కనపడుతుంది. 1995లో మేల్కొన్న అక్కడి అగ్నిపర్వతం ఆ దీవి రాజధాని ప్లిమత్‌ను బూడిదలో కప్పేసింది.

ఈ బండికి ఇష్టమైన దారి అక్కణ్ణుంచి ఉత్తరానికి, అంటే లోపలికి. మొదట వచ్చే లిబర్టా ఊరికి సముద్రం ఆనదు. బ్రిటిష్ పార్లమెంటు చేసిన బానిసత్వ రద్దు చట్టం 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చినా, చుట్టుపక్కల దీవుల్లో "అప్రెంటిస్‌షిప్" పేరుతో పాత యజమాని దగ్గరే ఇంకా కొన్నేళ్లు పనిచేయించారు. ఆంటిగ్వా మాత్రం ఆ మెలిక లేకుండా అదే రోజు పూర్తిగా విడుదల చేసింది. మంచి భూమి అంతా తోటల యజమానుల చేతిలోనే ఉండిపోవడంతో, విముక్తులు దొరికిన చోట గుడిసెలు వేసుకున్నారు. 1835లో లిబర్టా అలా పుట్టింది.

స్వీట్స్ ఊరు దాటాక ఫిగ్ ట్రీ డ్రైవ్ మొదలవుతుంది. గుంతలు, మలుపులు, రెండు పక్కలా అరటి, మామిడి చెట్లు. దారి పక్క బల్లల మీద ఆంటిగ్వా నల్ల అనాస అమ్ముతారు. పండినా పచ్చగానే కనిపిస్తుంది కానీ తీపికి పెట్టింది పేరు. తెనాలి పెద్దాయన ఒక ముక్క తిని, ఇంకో రెండు పళ్లు కొని, రసం కారుతున్న చేతులతోనే మ్యాపు పట్టుకున్నాడు. ఆ మరకలు మ్యాపుతో పాటు సీటు కవరుకూ దక్కాయి. ఈ చుట్టుపక్కలే 402 మీటర్ల బాగీ పీక్ ఉంది. 2009లో దానికి మౌంట్ ఒబామా అని పేరు పెట్టి, 2016లో మళ్లీ పాత పేరే ఖాయం చేశారు.

పడమటి తీరం వెంట డార్క్‌వుడ్ బీచ్, జాలీ హార్బర్ దాటితే రాజధాని సెయింట్ జాన్స్. మార్కెట్ దగ్గర మధ్యాహ్న భోజనం: ఫంజీ, పెప్పర్‌పాట్. మొక్కజొన్న పిండిని బెండకాయ ముక్కలతో కలిపి కెలికి ముద్ద చేసే ఫంజీ అచ్చం మన సంకటే, పులుసులో ముంచుకుని తినే పద్ధతితో సహా. ఆకుకూరలు, ఉప్పు మాంసం కలిపి ఉడికించే పెప్పర్‌పాట్ దాని జోడీ.

భోజనం అయ్యాక పెద్దాయన ఇక బీచ్‌ల ఊసెత్తనివ్వలేదు. జైలు పక్కనున్న పాత ఆంటిగ్వా రిక్రియేషన్ గ్రౌండ్ గేటు ముందు బండి ఆపించాడు. వివియన్ రిచర్డ్స్ 1986లో ఇంగ్లండ్ మీద 56 బంతుల్లో సెంచరీ కొట్టింది ఇక్కడే. బ్రయాన్ లారా 1994లో 375, 2004లో 400 నాటౌట్ చేసిందీ ఇక్కడే. పెద్దాయనకు కావలసింది ఇవేవీ కావు.

"2002 మేలో మన హైదరాబాద్ లక్ష్మణ్ 130 కొట్టింది ఈ పిచ్ మీదేరా. కుంబ్లే విరిగిన దవడకు కట్టు కట్టుకొచ్చి లారాను ఎల్బీడబ్ల్యూ చేశాడు. టీవీ ముందు రాత్రంతా కూర్చున్నాం, నీకు గుర్తుందా?"

"నాన్నా, అయిదింటికి డింగీ దగ్గర ఉండాలి."

"ఉందాంలే. కొత్త స్టేడియం కూడా దారిలోనే గదా!"

నిజంగానే దారిలో ఉంది. నార్త్ సౌండ్‌లో చైనా సాయంతో కట్టిన సర్ వివియన్ రిచర్డ్స్ స్టేడియం 2007 ప్రపంచకప్పుకు తెరుచుకుంది. 2009లో ఇంగ్లండ్‌తో టెస్టు పది బంతులకే ఆగిపోయింది, అవుట్‌ఫీల్డ్ ఇసుకలో బౌలర్ల కాళ్లు దిగబడుతున్నాయని. ఆట పాత గ్రౌండుకే తరలింది. 2019లో కాకినాడలో పుట్టిన హనుమ విహారి 93 పరుగుల దగ్గర అవుటైంది ఈ కొత్త స్టేడియంలోనే. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను బార్బుడాను నేలమట్టం చేశాక, ఆ దీవి జనం మొత్తాన్నీ ఆంటిగ్వాకు తరలించారు. కొందరికి ఈ స్టేడియంలోనే తలదాచుకునే చోటు దొరికింది.

ఇంకా తూర్పుకు పోతే బెట్టీస్ హోప్. చక్కెర కోసం నడిపిన ఈ ఎస్టేటు 1674 నుంచి 1944 దాకా కాడ్రింగ్టన్ కుటుంబం చేతిలో ఉంది. రెండు రాతి గాలిమరల్లో ఒకదాన్ని 1990లలో బాగుచేసి రెక్కలు తగిలించారు. లోపల నిలువు రోలర్ల మధ్య చెరకు నలిగేది, రసం వంటశాలకు పారేది. తోటల కాలంలో దీవంతా ఇలాంటి మరలుండేవి, రెక్కలూడిన బురుజులు పొలాల్లో ఇంకా కనిపిస్తాయి. వాటిని తిప్పింది తూర్పు నుంచి ఆగకుండా వీచే వాణిజ్య పవనాలు. పడవవాళ్లకు ఆ గాలి బాగా తెలుసు, వాళ్ల తెరచాపలు నింపుతున్నదీ అదే. ఆఫ్రికా నుంచి మనుషులను తెచ్చిన ఓడలు కూడా ఆ గాలి మీదే వచ్చాయి. ఇక్కడ డ్రైవరు సీట్లో కూర్చున్నవాడు మామూలుగా కాసేపు స్టార్ట్ చేయడు.

ఆ తోటల కాలంలోనే, 1736లో కోర్ట్ అనే బానిస నాయకుడు, ఇప్పుడు ప్రిన్స్ క్లాస్‌గా పిలిచే జాతీయ వీరుడు, దీవిని చేజిక్కించుకోవాలని తిరుగుబాటుకు పథకం వేశాడు. అది ముందే బయటపడింది. 88 మందిని చంపారు, ఎక్కువమందిని సజీవంగా కాల్చి. ఈశాన్యం చివర అట్లాంటిక్ అలలు సున్నపురాయిని తొలిచి చేసిన డెవిల్స్ బ్రిడ్జ్ ఉంది. బతుకు భరించలేని బానిసలు అక్కణ్ణుంచి దూకేవారని దీవి జనం చెప్పుకుంటారు.

తిరుగుదారి బెథెస్డా మీదుగా. గాడిదల శరణాలయం, పాట్‌వర్క్స్ జలాశయం అటే. దీవిలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వానలు ముఖం చాటేస్తే జలాశయం బీటలువారిన నేలగా మారుతుంది, సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంట్ల మీదే దీవి బతకాలి. రేవులో పడవ ట్యాంకు నింపుకునేటప్పుడు గ్యాలన్ల లెక్కన ఎందుకు డబ్బు తీసుకుంటారో ఎండిన పాట్‌వర్క్స్ గట్టు మీద నిలబడ్డాక ఎవరూ అడగరు. తండ్రీకొడుకులు మాత్రం అయిదున్నరకు రేవు చేరారు. డింగీ దగ్గర కెప్టెన్ ఏమన్నాడో ఈ బండికి వినపడలేదు, నల్ల అనాస ఒకటి చేతులు మారడం మాత్రం కనపడింది.

జూన్ వచ్చేసరికి రేవు ఖాళీ. తుపానుల కాలంలో బీమా కంపెనీల షరతుల కోసం కొన్ని పడవలు దక్షిణాన గ్రెనడా వైపు పోతాయి, కొన్ని జాలీ హార్బర్‌లో గట్టెక్కి పట్టీలు బిగించుకుని నిలబడతాయి. ఈ బండికి అప్పుడు వేరే బేరాలు. మణిపాల్ సంస్థ చేతిలో ఉన్న అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ ఆంటిగ్వా వైద్య విద్యార్థులు వారాంతాల్లో తీసుకుంటారు. జులై ఆఖరున, విముక్తి రోజు చుట్టూ జరిగే కార్నివాల్‌కు లండన్, టొరంటో, న్యూయార్క్ నుంచి ఆంటిగ్వావాళ్లే దిగుతారు. ఆఫీసు కుర్రాడు మ్యాపు పరవబోతే వద్దంటారు. తిన్నగా లిబర్టాకో, ఆల్ సెయింట్స్‌కో పోయి హారన్ కొడతారు. ఇంట్లోంచి పిల్లలు, మేనత్తలు, పెప్పర్‌పాట్ గిన్నెతో ఓ ముసలమ్మ వచ్చి ఎక్కుతారు. నలుగురికి మించి ఎక్కించకూడదని ఒప్పందంలో రాసే ఉంటుంది. ఆ వారం దాన్ని ఎవరూ చదవరు.