చేప పోయె, దోషం పోయె

అక్వేరియం శుభ్రపరచడమంటే హైదరాబాదులో గోల్నాక నుంచి తార్నాక దాకా చాలా ఇళ్ళలో ఒకటే పద్ధతి. నెలకో ఆదివారం పొద్దున చేపల్ని మగ్గులోకి ఎత్తుతారు. తొట్టిలో నీళ్ళన్నీ బాత్‌రూములో పారబోస్తారు. గులకరాళ్ళను బియ్యం కడిగినట్టు నాలుగు నీళ్ళు కడుగుతారు. అద్దాన్ని గిన్నెల సబ్బుతో తళతళలాడేలా తోమి, నల్లా కింద పెట్టి నింపేస్తారు. ఆ పూట తొట్టి పెళ్ళిచూపులకు సిద్ధమైనట్టుంటుంది. మంగళవారానికి ఒక గోల్డ్ ఫిష్ వెల్లకిలా తేలుతుంది.

దీనికి ఇంట్లో వివరణ ముందే సిద్ధంగా ఉంటుంది: ఇంటికి రావలసిన కీడును చేప తన మీద వేసుకుంది. ఫెంగ్ షుయ్ పేరుతో చైనా నుంచి వచ్చి మన వాస్తువారి ఇంట్లో అద్దెకు దిగిన ఈ సిద్ధాంతం ప్రకారం తొట్టిలో తొమ్మిది చేపలుండాలి. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. నల్లదాని ఉద్యోగం దిష్టిబొమ్మది, జీతం రోజుకు నాలుగు మేత గింజలు. పోయినదాని స్థానంలో వెంటనే కొత్తది తెచ్చి వేయాలి. సబ్బుతో చంపి, ఆ చావును త్యాగం ఖాతాలో రాసుకునే ఈ లెక్కకు ఏ ఆడిటరూ అభ్యంతరం చెప్పడు.

తొట్టి పెట్టే చోటు కూడా శాస్త్రోక్తమే, ఈశాన్యం. ఆ మూల కిటికీ ఉంటే ఉదయపు ఎండ నేరుగా పడుతుంది. ఎండకు నాచు పడుతుంది. నాచు కనబడగానే నెలకోసారి తీసే సబ్బు పక్షానికోసారి బయటికి వస్తుంది. సబ్బు మొప్పల్ని దెబ్బతీస్తుంది, చేప చస్తుంది, దోషం పోతుంది, కొత్త చేప వస్తుంది, కిటికీ మాత్రం అక్కడే ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో నత్రజని చక్రమని ఒకటుంది. ఇది దానికి పోటీగా తిరుగుతున్న చక్రం.

అసలు చక్రం ఇలా నడుస్తుంది. చేప తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని ప్రధానంగా మొప్పల గుండా అమ్మోనియాగా వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్ళినా వచ్చేది అదే. అమ్మోనియా విషం. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో జాతి ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ పని చేసే సూక్ష్మజీవుల్ని రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే వేరుచేసి చూపించాడు. మంచినీటి అక్వేరియంలలో రెండో మెట్టు పని నైట్రోస్పైరా తరహా బాక్టీరియాదని 1998లో తేలింది. గోల్నాక, తార్నాక పేర్లలోని నాకా అంటే తనిఖీ చౌకీ. తొట్టిలోనూ అలాంటి నాకాలు రెండున్నాయి. అయితే అక్కడి సిబ్బంది నీళ్ళలో ఈదుతూ ఉండరు, ఫిల్టరు స్పాంజికీ గులకరాళ్ళకూ అంటుకుని కాపురముంటారు. ఆదివారం నాడు వీధిన పడేది వీళ్ళే.

కొత్త తొట్టిలో ఈ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి నెలకోసారి సమూలంగా కడిగే తొట్టి ఎప్పటికీ కొత్త తొట్టే. స్పాంజిని క్లోరిన్ నల్లా కింద పిండడమంటే, తోడు చుక్క కూడా మిగలకుండా గిన్నె తోమి, అందులో పాలు పోసి, తెల్లారి పెరుగు కాలేదని గిన్నెకు దిష్టి తీయడమే. పొరుగింట్లో బాగా నడుస్తున్న తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క అడిగి తెచ్చుకుంటే కొత్త తొట్టి త్వరగా కుదురుతుంది. తోడు అడగడానికి మొహమాటపడని పేటలో స్పాంజి అడగడానికి ఎందుకంత నామోషీయో అర్థం కాదు.

ఈ అజ్ఞానానికి భూగోళం సాకు కాదు. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రమూ సూక్ష్మజీవశాస్త్రమూ రెండూ చెబుతారు. ఆ పక్కనే తార్నాక, హబ్సిగూడల్లో జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉన్నాయి. ప్రహరీకి అటువైపు బాక్టీరియా మీద డాక్టరేట్లు ఇస్తుంటే, ఇటువైపు అదే బాక్టీరియాను పీచుతో తోముతున్నారు.

ఇక నీళ్ళు. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది, అది మనుషుల కోసం. చేప మొప్పలకు అది మంట. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గానీ, గ్రానైటు పొరల్లోంచి వచ్చే ఆ నీరు చాలాచోట్ల కఠినజలం, పీహెచ్ 7 దాటి ఉండడం మామూలే. పీహెచ్ 7 నుంచి 8కి ఒక్క మెట్టు ఎక్కితే అమ్మోనియాలో విషరూపం వాటా సుమారు పది రెట్లవుతుంది. బాక్టీరియాను కడిగేసిన తొట్టిలోకి ఈ నీరు పోస్తే చేప తన ఊపిరితోనే తనకు విషం పెట్టుకుంటుంది. మే నెలలో డాబా మీది ట్యాంకు నుంచి నేరుగా పట్టిన నీరు అక్వేరియానికే కాదు, స్నానానికి కూడా పనికిరాదు. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పట్టుకుంటుంది.

చేయవలసిన పని నిజానికి చిన్నది, బహుశా అందుకే ఎవరికీ నచ్చదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది 56 లీటర్లు. వారానికి అందులో పావు వంతు, అంటే 14 లీటర్లు, ఒక బకెట్టు. సన్నని పైపుతో గులకరాళ్ళ అడుగున చేరిన మడ్డిని లాగుతూ ఆ బకెట్టు నింపాలి. స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టేయాలి. పోసే నీరు ముందురోజే పట్టి ఉంచాలి, లేదా దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. చేపలు తొట్టిలోనే ఉంటాయి. సబ్బు వంటింట్లోనే ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు మతం ఒకటుంది: నీళ్ళు అసలు మార్చరు, తగ్గినప్పుడల్లా పైనుంచి పోస్తారు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. చారు మరిగిన కొద్దీ ఉప్పెక్కేది అందుకే. నైట్రేటూ, బోరు నీటి లవణాలూ తొట్టిలో అలాగే పేరుకుంటాయి. మొక్కలూ నత్తలూ వేసి చేపలతో సమతూకం సాధించవచ్చని లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ 1850లో చూపించిన మాట నిజమే. ఆయన తొట్టిలో నిజమైన మొక్కలున్నాయి, ప్లాస్టిక్ తామరపువ్వూ బుడగలు వదిలే అస్థిపంజరమూ కాదు.

ఈ రెండు మతాలకూ మధ్యేమార్గంగా దుకాణదారు ఒక నల్లటి చేపను అంటగడతాడు. పేరు సక్కర్ ఫిష్, బిరుదు ట్యాంక్ క్లీనర్. మురికంతా అదే తింటుందట. అది తినేది ముఖ్యంగా నాచు, విసర్జించేది మాత్రం తొట్టిలోకే. కొన్నప్పుడు వేలెడంత, పెరిగితే అడుగు దాటుతుంది. నీటిలో ప్రాణవాయువు తక్కువైతే పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది కనుక ఆదివారాలు కూడా దాన్ని అంత తేలిగ్గా చంపలేవు. దోషం మీద వేసుకోవడానికి నిరాకరించిన ఏకైక చేప అది. ఇలాంటివి చెరువుల్లో, కాలువల్లో వదిలేస్తే ఎలా ప్రబలుతాయో వలల్లో వాటిని ఏరి పారేస్తున్న జాలర్లకు తెలుసు. గోల్నాక ఇంట్లో మాత్రం అది తొట్టికి పెద్దదైపోయిన సాయంత్రం, పిల్లల ఏడుపు మధ్య బకెట్టులోకి ఎక్కి మూసారాంబాగ్ వంతెన వైపు బయలుదేరుతుంది. వంతెన కింది మూసీ నదిలో నీళ్ళు వారం వారం మార్చేవాళ్ళెవరూ లేరు. దానికి అది పెద్ద పట్టింపు కాదు.