కొత్తల్లుడికి రొయ్యలు పడవా? ఇవిగో పది చిట్కాలు

పూడిమడకలో పడవలు ఒడ్డుకొచ్చాయి. అచ్యుతాపురంలో మీ ఇంటికి మంచి రొయ్యలు చేరాయి. ఇగురుకి మసాలా నూరడం కూడా అయింది. సరిగ్గా అప్పుడే కొత్తల్లుడు మొహమాటపడుతూ "నాకు రొయ్యలు పడవండీ" అన్నాడు. కంగారుపడకండి. దేశంలో అన్నిటికంటే ఎక్కువ రొయ్యలు పండించే రాష్ట్రం మనది. ఇక్కడికొచ్చి రొయ్య పడదంటే ఊరుకుంటామా? డబ్బు, శ్రమ, ఆలోచన అక్కర్లేకుండా ఈ చిన్న సమస్యను ఐసీయూ దాకా చేర్చే పద్ధతి ఇదిగో. వరస తప్పకుండా పాటించండి.

1. ముందు నమ్మడం మానండి. "పట్నం వేషాలు" అని తేల్చేయండి. అలర్జీ నిపుణుడి దగ్గరకు మాత్రం పంపకండి. ఆయన ఎప్పుడేం తిన్నావు, ఎంతసేపటికి ఏమైంది అని అడుగుతాడు. ముంజేతి మీద రొయ్య సారం చుక్క వేసి, సూదితో పైపైన గుచ్చి, పావుగంట, ఇరవై నిమిషాల్లో దద్దు లేచిందా లేదా చూస్తాడు. ఒకసారి నిజం తేలాక "మాకు తెలీదు బాబూ" అనే వీలు పోతుంది.

2. పరీక్ష తప్పనిసరైతే ఖరీదైన తప్పు పరీక్ష ఎంచుకోండి. రెండు వందల పదార్థాలకు ఒకేసారి చేసే ఐజీజీ ప్యాకేజీ దివ్యంగా ఉంటుంది. ఇలాంటి అలర్జీని నడిపేది ఐజీఈ అనే యాంటీబాడీ. దాన్ని 1966లో ఇషిజాకా దంపతులు గుర్తించారు. ఐజీజీ అయితే మనం రోజూ హాయిగా తినేవాటికి కూడా తయారవుతుంది. అందుకని రిపోర్టులో అన్నం, పప్పు, పెరుగు అన్నీ ఎర్రగీత కిందికి రావచ్చు. "ఇవన్నీ మానేసి గాలి తిని బతకమంటారా?" అని రిపోర్టును, దానితోపాటు రొయ్యల సంగతినీ అటకెక్కించండి.

3. "పోయినసారి దద్దుర్లేగా వచ్చాయి, చచ్చావా ఏమిటి?" అనే వాదన నోట్లో సిద్ధంగా ఉంచుకోండి. 1902లో ఫ్రాన్సులో పోర్టియర్, రిషే అనే ఇద్దరు ఒక సముద్రజీవి విషాన్ని కుక్కలకు ఎక్కించి చూశారు. మొదటి మోతాదును తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత చిన్న మోతాదుకే నిమిషాల మీద చచ్చిపోయింది. ఈ పరిశోధనలకే రిషేకు 1913లో నోబెల్ ఇచ్చారు. ఇవ్వనీండి. కుక్కల సంగతి మన అల్లుడికి ఎందుకు?

4. "బాగా వేయిస్తే దోషం పోతుంది" అని ధైర్యం చెప్పండి. పోదు. గొడవ పెట్టే ప్రొటీన్లలో ముఖ్యమైనది ట్రోపోమయోసిన్. అది మరిగించినా, వేయించినా చెక్కుచెదరదు. పైగా రొయ్యలు ఉడికే ఆవిరి పీల్చినా కొందరికి ఆయాసం వస్తుంది. కాబట్టి అల్లుడుగారికి స్టవ్ పక్కనే కుర్చీ వేయండి. మర్యాదగానూ ఉంటుంది.

5. రొయ్యలు వద్దంటే పీతలు పెట్టండి. రెండింటిలోనూ అదే ప్రొటీన్ కాబట్టి ఫలితంలో తేడా ఉండదు. చేపలోది వేరే ప్రొటీన్. రొయ్య పడనివాళ్ళలో చాలామంది వంజరం శుభ్రంగా తినగలరు. ఈ రహస్యం డాక్టరును అడిగితే తెలుస్తుంది, అందుకే అడగకండి.

6. దాచిపెట్టడం ఒక కళ. వంకాయ కూరలో గుప్పెడు ఎండురొయ్యల పొడి కలపండి. రొయ్యలు వేపిన నూనెలోనే అప్పడాలు వేయించండి. ఇగురులో తిప్పిన గరిటెతోనే పప్పు వడ్డించండి. పెళ్ళి భోజనాల దగ్గర వంటవాళ్ళను ఏమీ అడక్కండి, చిన్నతనం. ప్యాకెట్ల మీద అలర్జీ కలిగించే పదార్థాలు రాయాలని 2020 లేబుల్ నిబంధనలు చెబుతున్నాయి. చదవడానికి మన కళ్ళజోడు ఎప్పుడూ కనపడకూడదు.

7. ఇక ఫలితాలు మొదలవుతాయి. కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు పెదాలు ఉబ్బుతాయి, దద్దుర్లు లేస్తాయి. ఇది సాకుల సమయం. మొదటి సాకు, దిష్టి. ఎర్రనీళ్ళు తిప్పి నాలుగు రోడ్ల కూడలిలో పారబోసి వచ్చేసరికి మంచి సమయం గడిచిపోతుంది. గొంతు బొంగురుపోతే ఫ్రిజ్ నీళ్ళు తాగారు కదా అనండి. పిల్లికూతలు వినిపిస్తే ఫ్యాక్టరీల పొగ మీదకు నెట్టండి. వాంతులైతే బస్సు ప్రయాణం, కళ్ళు తిరిగితే ఎండ. ఎవరైనా మరీ కంగారుపడితే ఒక సెట్రిజిన్ వేసి గంట ఆగమనండి. అది దురదను తగ్గిస్తుంది. మూసుకుపోయే గొంతును తెరవదు, పడిపోయే బీపీని నిలబెట్టదు. అందుకే అది మనకు అంత ఇష్టమైన మందు.

8. మనిషిని పడుకోనివ్వకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెడితే గుండెకు రక్తం చేరుతుంది, మీ పథకం చెడుతుంది. లేపి నిలబెట్టి నాలుగడుగులు నడిపించండి. ఆ తర్వాత బైకు మీద ఇద్దరి మధ్య ఇరికించి అనకాపల్లి రోడ్డు పట్టండి. దారిలో టీకి ఆగండి.

9. అడ్రినలిన్ పేరు ఎత్తనివ్వకండి. మనకు అసలు శత్రువు అదే. ఒక మిల్లీగ్రాము ఎంపుల్, చవక మందు. పెద్దవాళ్ళకు అందులో సగం దాకా తొడ బయటి వైపు కండలోకి ఇస్తే ఉబ్బిన గొంతు తెరుచుకుంటుంది, బీపీ లేస్తుంది. చాలకపోతే ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ ఇస్తారు. "గుండె దడ వస్తుందట" అని భయపెట్టండి. "ముందు సెలైన్ పెట్టి చూద్దాం" అన్నవాణ్ణే పెద్ద డాక్టరుగా నమ్మండి.

10. ఇంత చేసినా బతికి బయటపడితే నిరాశపడకండి. దద్దుర్లు తగ్గగానే సంతకం పెట్టి ఇంటికి తెచ్చేయండి. కొందరిలో కొన్ని గంటలకు రెండోసారి తిరగబెడుతుంది. అప్పటికి ఆసుపత్రిలో ఉంటే మన కష్టం వృథా అవుతుంది. మర్నాటి నుంచి అలవాటు చేసే వైద్యం మొదలుపెట్టండి. 2020లో అమెరికాలో వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలకు అలాంటి మందునే అనుమతించారు. వాళ్ళు మిల్లీగ్రాముల పొడితో మొదలుపెట్టి, మోతాదు పెంచే ప్రతిసారీ డాక్టరు కళ్ళముందు కూర్చోబెడతారు. మనకు అంత ఓపిక ఎక్కడిది? మొదటి మోతాదుగా ఒక కప్పు ఇగురు వడ్డించి, "ఒక్కటి తినండి బాబూ, మా మీద ఒట్టు" అనండి.

చివరిగా ఒక హెచ్చరిక. ప్రతి ఇంట్లోనూ తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఒకతి ఉంటుంది. కూరలో ఏం కలిపారో పైకే చెప్పేస్తుంది, మనిషిని పడుకోబెడుతుంది, 108కి ఫోన్ చేసి "రొయ్యలు పడవు, ఊపిరి ఆడటం లేదు, అడ్రినలిన్ కావాలి" అంటుంది. అంతటితో మన పది చిట్కాలూ బూడిదలో పోసిన పన్నీరే, అల్లుడు బతికిపోతాడు. ఆ పిల్ల చేతికి ఫోన్ అందకుండా చూసుకోండి.